ఆదివారం చూడవచ్చినవాళ్ళు

1898 ఆగస్టు 8, సోమవారం. ధవళేశ్వరం

బడిలో పిల్లలకి ఎక్కాలు చెప్పుకుంటూ సుఖంగా ఉన్నవాణ్ణి పట్టుకొచ్చి ఈ పాత ధాన్యపు కొట్టుకి మేనేజరుని చేశారు. "రాజరత్నమూ, నీకు క్రమము ప్రియము గనుక ఈ పని నీదే" అన్నారు మిస్సమ్మ గారు. ఆవిడ ఇంగ్లండు నుంచి వచ్చి నేర్చుకున్న తెలుగంతా బైబిలు తెలుగే. కాదనడానికి నోరు రాలేదు. క్రమము ప్రియము అన్నది నిజం కూడాను.

లాకుల పక్కనున్న ఈ కొట్టు మిషనుది. గోదారి వరదకి లంకల్లో గుడిసెలు పోయినవాళ్ళని ఇందులో పెట్టారు. బియ్యం షావుకారు వెంకటరత్నం గారిస్తారు. పెత్తనం మటుకు రాజమహేంద్రవరంలోని వరద సహాయ సంఘానిది. దానికి సెక్రటరీ ప్లీడరు జోగేశ్వరరావు గారు. నీళ్ళు తీసి, లంకలు ఆరి, వీళ్ళ గుడిసెలు మళ్ళీ లేచేదాకా ఈ ఇంటిని ఉంచుతారో, ముందే మూసేస్తారో సంఘం ఇష్టం. మూసేస్తే మర్నాడే నా బడికి నేను పోవచ్చు. త్వరగా మూసేస్తే మంచిదే. నాకేం?

సాయంత్రం కూర్చుని సెక్రటరీ గారు ఇంగ్లీషులో పంపిన నియమాలన్నీ తెలుగు చేసి, గుమ్మం పక్క గోడమీద సున్నంతో రాశాను. గంట కొట్టగానే ఎవరి ముంత వాళ్ళు పట్టుకుని వరసలో నిలబడాలి. తినేటప్పుడు మాట్లాడకూడదు. చుట్ట కాల్చకూడదు. చెప్పకుండా గేటు దాటకూడదు. ఆదివారం మధ్యాహ్నం చందాదారులు భోజనం చూడ్డానికి వస్తారు కాబట్టి వాళ్ళ ఎదట అందరూ శుభ్రంగా తినాలి. అక్షరాలు ఎంత గుండ్రంగా కుదిరాయో! రెండుసార్లు వెనక్కి వెళ్ళి చూసుకున్నాను.

దీనమ్మ వచ్చి పైనుంచి కిందికి చదివింది. "ఇవి వాళ్ళకేనా అండీ, మీక్కూడానా?" అంది. నా భార్యకి వేళాకోళం ఎక్కువ.

ఆగస్టు 9

గంట కొట్టాను. ఎవరూ రాలేదు.

ఆగస్టు 10

ఇవాళా అంతే. చెయ్యి నొప్పెట్టేలా కొట్టాను. లోపల మనుషులంతా గోడలకి ఆనుకుని కూర్చుని ఉన్నారు, ఆకలితోనే ఉన్నారు, కదలరు. చెవుడేమో అనుకోవడానికి అందరికీ ఒకేసారి రాదు కదా.

చివరికి చిన్నమ్మాయి నోరు విప్పింది. పేరు చూసి మోసపోకూడదు. ఆవిడకి డెబ్బై దాటాయి. మొగుడు పోయి చాలాకాలమైంది. లంకలో పుచ్చపాదులూ పొగాకు మడీ చూసుకుంటూ ఒక్కతే బతికింది. ఇక్కడివాళ్ళంతా ఆవిడ ఊ అంటే ఊ, ఉహూ అంటే ఉహూ.

"గంట కొడితే గొడ్లొత్తాయండి మేష్టారుబాబూ. మనుషుల్ని పిలవాలండి" అంది.

నియమం నియమమే అన్నాను. ఆవిడ తల ఊపింది. "ఆయ్, నియమమేనండి" అని అక్కడే కూర్చుంది.

ఇంతలో దీనమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "లేవండమ్మా, వడ్డించేశాను. ముసలయ్యా, రావయ్యా, చారు చల్లారిపోతోంది. సువార్తమ్మా, బిడ్డని ఇలా ఇచ్చి నువ్వు తినెళ్ళు" అని ఒక్కొక్కళ్ళనీ పేరుపెట్టి పిలిచింది. అందరూ లేచారు. ముంతలు లేవు, వరసలో నిలబడడం లేదు. అరిటాకులు పరిచేసింది! గోదారి గట్టుమీద ఒకే కుండలో గంజి తాగి ప్రాణం నిలుపుకున్న జనం, ఎవరి పక్కన ఎవరన్న పట్టింపు వరదలోనే పోయింది. బంతిలో కూర్చున్నారు.

నేను గంట కొట్టిన తరవాతే వచ్చారు కాబట్టి నియమం తప్పినట్టు కాదు.

ఆగస్టు 14, ఆదివారం

పరువు పోయింది.

మిస్సమ్మ గారూ, షావుకారు గారూ, సెక్రటరీ గారూ బండి దిగారు. బంతికి ఎదురుగా బెంచీలు వేయించాను. ముగ్గురూ కూర్చున్నారు. దీనమ్మ వడ్డించింది. అందరి ముందూ అన్నం, ములక్కాడల పులుసు. తినండి అన్నాను.

చిన్నమ్మాయి పైట కొంగు తీసి ఆకు మీద కప్పింది. పక్కవాడు అరచేతులు అడ్డం పెట్టాడు. చూస్తూండగానే ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్క ఆకూ కనబడలేదు.

"ఏమ్మా, ఎందుకు తినరు?" అన్నారు సెక్రటరీ గారు.

"నోట్లోకి చూత్తుంటే ఎలా తింటామండి? దిష్టి తగులుద్ది."

"మాకు మీ అన్నం మీద దిష్టా?"

"మీకుందని కాదు బాబూ. చూసే కళ్ళకి ముద్ద పెట్టకుండా మనం మింగితే కడుపులో ఇమడదండి. మా అమ్మ చెప్పింది, ఆళ్ళమ్మ చెప్పింది."

ఆయన గడియారం చూసుకున్నారు. అన్నం చల్లారింది. పులుసు మీద తెట్టె కట్టింది. షావుకారు గారు మటుకు, పాపం, గోడవైపు తిరిగి నియమాలు చదువుకున్నారు. మిస్సమ్మ గారు కళ్ళు మూసుకున్నారు, ప్రార్థనో ఏమో.

బండి ఎక్కుతూ సెక్రటరీ గారు, "తిండికి గతిలేదు గానీ పొగరుకి లోటు లేదు. చందాలిచ్చేవాళ్ళకి నేనేం చెప్పను? ఇలాగైతే మూసెయ్యడమే" అన్నారు.

బండి మలుపు తిరగ్గానే లోపల అందరూ అన్నం మీద పడ్డారు. నవ్వులు, మాటలు! చల్లారిన పులుసుని అంత ఇష్టంగా తినడం నేనెక్కడా చూడలేదు. చూడలేదంటే, గుమ్మం పక్కనుంచి చూశాను.

మూసేస్తే బడికి పోతాను. నాకేం?

ఆగస్టు 15

చిన్నమ్మాయిని కూర్చోబెట్టి గంటసేపు బోధ చేశాను. కృతజ్ఞత గురించీ, పెట్టినవాళ్ళకి చూసే హక్కు ఉండడం గురించీ. ఆవిడ శ్రద్ధగా విని, "మీ గొంతు బావుందండి, పాటలు పాడతారా?" అంది.

ఆగస్టు 17

ఇవాళ జరిగింది ఎక్కడా చెప్పుకోను. ఇక్కడ మాత్రం రాస్తాను.

మధ్యాహ్నం నా గదిలో పీట వేసుకుని కూర్చున్నాను. దీనమ్మ వంకాయ కూర వడ్డించింది, నెయ్యి వేసింది. మొదటి ముద్ద కలుపుతుంటే గుమ్మంలో అలికిడైంది. తలెత్తి చూద్దును కదా, చిన్నమ్మాయి, ముసలయ్య, సువార్తమ్మ చంటిబిడ్డతో సహా, ఇంకా బోలెడు మంది, వసారాలో నా బెంచీలు వేసుకుని వరసగా కూర్చున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని నావంకే చూస్తున్నారు.

"ఏంటిది?" అన్నాను.

"ఏం లేదండి. చూడ్డానికొచ్చాం. కానివ్వండి" అంది చిన్నమ్మాయి.

"శుభ్రంగా తినండి మేష్టారూ" అన్నాడు ముసలయ్య. వాడికి చదువు రాదు. ఆ మాట గోడ మీదిది. వాడికి ఎవరు చదివి చెప్పారో నాకు తెలుసు, ఆవిడ నెయ్యి గిన్నె పట్టుకుని అటు తిరిగి నిలబడింది. భుజాలు ఊగుతున్నాయి.

నేనేం తక్కువ తిన్నానా? ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. అది నోట్లోనే తిరుగుతోంది గానీ గొంతు దిగదు. చంటిది కూడా కళ్ళార్పకుండా చూస్తోంది. "కూర ఎలా ఉందంటారు?" అని ఎవరో ఎవరినో అడిగారు. "నవులుతున్నారుగా, బానే ఉంటది" అని జవాబు. నాకు పొలమారింది. మంచినీళ్ళు తాగి లేచిపోయాను.

అసలు ఇవాళ పొద్దుటి నుంచీ నాకు ఆకలి లేదు. అంతకుమించి ఏం లేదు.

ఆగస్టు 18

నిన్నటి వంకాయ కూర బావుందట. అందరూ తిన్నారట, నేను తప్ప.

ఆగస్టు 21, ఆదివారం

కుండపోత వాన. బండి రాలేదు. దేవుడికి స్తోత్రం.

పొద్దున్నే ముసలయ్య కనపడలేదు. చెప్పకుండా గేటు దాటాడు! వస్తే నిలదీద్దామని గొడుగేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను. వచ్చాడు, తడిసి ముద్దై, భుజాన వల, చేతిలో పులస. ఎర్ర నీళ్ళలో ఎదురెక్కే చేప, వెండిలా మెరుస్తోంది. "గేటు దాటలేదండి, గోడ దూకానండి" అన్నాడు. గోడ గురించి సెక్రటరీ గారు ఏమీ రాయలేదన్నది నిజమే.

"పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. మనకి అమ్మకుండానే దొరికింది" అని దీనమ్మ చీర కుచ్చిళ్ళు దోపి రంగంలోకి దిగింది. ఇవాళ పొయ్యి దగ్గర అందరూ మేనేజర్లే. ఒకరు చింతపండు ఎక్కువంటారు, ఒకరు బెండకాయలు వెయ్యమంటారు. మా లంకలో ఇలా కాదంటే మా లంకలో ఇలా అని పోట్లాట. పులుసు ఉడికే వాసనకి లాకుల గుమస్తా కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, వానకి తలదాచుకోవడానికట. "బాగుంది వరస, వేళకొచ్చి నిలబడతారేంటి, కూర్చోండి" అని చిన్నమ్మాయి ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఆకు వేసింది. ఆయన వద్దన్న కొద్దీ వడ్డించింది. నాకూ వేసింది. తిన్నాను. ఎవరూ నా నోట్లోకి చూడలేదు, ఎవరి తిండి వాళ్ళది, కబుర్లు మాత్రం అందరివీ. ఇంత సంతోషంగా ఎప్పుడు భోంచేశానో గుర్తు లేదు.

తరవాత చూస్తే చిన్నమ్మాయి ముక్కులోంచి పొగ వస్తోంది. నోట్లో చుట్ట లేదు, చేతిలో లేదు. దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, మండే కొస లోపలికి పెట్టి అడ్డపొగ పీలుస్తోంది! లంక పొగాకు వాసన గుప్పుమంది. నన్ను చూసి నోరు మూసుకుని పెద్దమనిషిలా కూర్చుంది.

చుట్ట నాకు కనబడలేదు. కనబడనిదాన్ని కాలుస్తున్నారని నేను రాయలేను.

ఆగస్టు 28, ఆదివారం

ఇవాళ ఉపాయం పన్నాను. బంతికీ బెంచీలకీ మధ్య గోనెపట్టాలు కుట్టి అడ్డం కట్టించాను. చందాదారులు ఇవతల కూర్చుని, తింటున్న చప్పుడు విని తృప్తి పడతారు. తినేవాళ్ళకి చూపు తగలదు. ఎవరి మర్యాద వాళ్ళకి. ఇది తట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

తినడం మొదలైంది కూడా. చప్పుడు వినబడుతోంది. మిస్సమ్మ గారు సంతోషంగా తలాడిస్తున్నారు. అంతలో అవతల చప్పుడు ఆగిపోయింది.

"మేష్టారుబాబూ, పట్టాకి కన్నొచ్చిందండి" అని చిన్నమ్మాయి గొంతు.

సెక్రటరీ గారు వంగుని, గోనెలో ఉన్న చిల్లులోంచి చూస్తున్నారు. ప్లీడరు గారు! తలపాగాతో! అవతల ఎవరో కిసుక్కుమన్నారు, తరవాత అందరూ నవ్వారు. షావుకారు గారు కూడా ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నారు, నేను చూశాను. సెక్రటరీ గారు మాత్రం నవ్వలేదు. మొహం కందగడ్డలా అయింది.

"వచ్చే ఆదివారం ఆఖరు. మా ఎదటే కూర్చుని, మా కళ్ళ ముందే తింటారా, సరే. లేదా, సోమవారం నాడు తాళం వేసి తాళంచెవి నాకు పంపండి. మీరు హాయిగా బడికి పోవచ్చు" అన్నారు.

హాయిగా అన్నారు. అవును, హాయే.

ఆగస్టు 30

వాన. లంకలు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయట. ముసలయ్య పడవెక్కి చూసొచ్చాడు. తన గుడిసె ఉన్నచోట మెడలోతు నీళ్ళున్నాయని నవ్వుతూ చెప్పాడు. వాడు దేనికైనా నవ్వుతాడు.

తాళం వేస్తే వీళ్ళకి మళ్ళీ గట్టే గతి. గట్టు మీద ఈ వానలో.

నాకేం అని రాయబోయాను. కలం సాగలేదు.

సెప్టెంబరు 3, శనివారం

చిన్నమ్మాయి వచ్చి వసారాలో కూర్చుంది. ఆవిడ మాట్లాడకుండా కూర్చోవడం ఇదే మొదలు.

"రేపు తింటామండి" అంది. "అందరికీ చెప్పాను. కళ్ళు మూసుకుని మింగేత్తాం. ఎన్ని ముద్దలు తినమంటే అన్ని. సువార్తమ్మ బిడ్డకి రొంప చేసింది. గట్టుమీద పడుకోబెడితే బతకదు. నా పంతానికి ఆ పసిదాన్ని బలి పెట్టలేనండి."

"మంచిది" అన్నాను.

ఆవిడ నవ్వింది గానీ అది ఆవిడ నవ్వు కాదు. లేచి వెళ్ళిపోయింది. నేననుకున్నదే జరిగింది. క్రమం నిలబడింది, ఇల్లు నిలబడుతుంది. సంతోషించాలి కదా? నాకు ఏడుపొచ్చింది. దీనమ్మ చూసి వేళాకోళం చెయ్యలేదు. పక్కన కూర్చుంది.

"ఏవండీ, ఆ లాకుల గుమస్తా వచ్చినప్పుడు ఆవిడ ఆకు కప్పలేదేం?" అంది.

"ఆయనకీ వడ్డించింది కాబట్టి."

"మరి?" అంది.

నేను లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని కొట్టులోకి పరిగెత్తాను. చిన్నమ్మాయి చాప పరుచుకుంటోంది.

"రేపు మధ్యాహ్నం భోజనాల వేళకి ముగ్గురు వస్తున్నారు. వాళ్ళని నేను పిలవను. మీరే పిలవాలి" అన్నాను.

"నేనాండీ? పిలవడానికి నాకు ఇల్లేది బాబూ?"

"ఇదుందిగా."

ఆవిడ నన్ను చూసింది, పైన దూలాలకేసి చూసింది, మళ్ళీ నన్ను చూసింది. "ఆ షావుకారు గారు మనం వండింది తింటారేంటండి? ఆ ప్లీడరు గారు అసలే తినరు" అంది. అని తనే, "చక్కెరకేళి గెల తెండి. చెట్టు పండించిందానికి ఎవరికీ పట్టింపు లేదు. మంచి గెల చూసి తెండి, మచ్చలు లేకుండా. పిలిచి పెట్టేటప్పుడు ఓటివి పెట్టకూడదు" అంది. చాప చుట్టి మూల పెట్టేసింది. ఇక ఆవిడకి నిద్రెక్కడిది! ఆ క్షణం నుంచీ హడావిడే.

గెల తెచ్చాను. లాకుల గుమస్తా బెంచీలు కావాలన్నాడు, పాపం అవసరమట, రెండూ ఇచ్చేశాను. అడిగాడనే నాకు గుర్తు.

సెప్టెంబరు 4, ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టను!

పొద్దున్నే గది ఊడ్చి, పేడతో అలికి, ముగ్గు పెట్టారు. గోనెపట్టాలు పీకేశారు. బంతి మధ్యలో మూడు చోట్ల పీటలు వేశారు. గుత్తివంకాయ, ములగాకు పప్పు, గోంగూర, చారు. చిన్నమ్మాయి దీనమ్మ దగ్గర ఉతికిన చీర అడిగి కట్టుకుని, బండి ఆగేసరికి గేటు దగ్గర ఉంది. గంట నేను కొట్టలేదు. మరిచిపోయాను.

"రండి బాబూ రండి, వేళకొచ్చారు. రండమ్మా. కాళ్ళు కడుక్కోండి" అని చెంబుతో నీళ్ళందించింది.

సెక్రటరీ గారు నావంక చూశారు. నేను ఆకాశం వంక చూశాను. మిస్సమ్మ గారు బూట్లు విప్పేశారు! పీట మీద కూర్చోవడానికి ఆవిడ పడిన పాట్లు చెప్పలేను. మోకాళ్ళు మడవలేక ఒక పక్కకి ఒరిగిపోతే సువార్తమ్మ నడుం పట్టుకుని కూర్చోబెట్టింది. గౌను గొడుగులా పరుచుకుంది. "నేను కూర్చుంటిని!" అని ఆవిడ అనేసరికి బంతంతా గొల్లుమంది, ఆవిడ కూడా.

వెంకటరత్నం గారు గుమ్మంలో ఆగిపోయారు. "నేను బయట వండింది ముట్టనమ్మా. ఏమీ అనుకోకు" అన్నారు, మొహమాటంగా.

"తెలుసు బాబూ. మీకు వేరే ఉంది." కడిగిన ఆకులో పళ్ళు పెట్టి ఆయన ముందుంచింది. "ఇది చెట్టు పండించింది, నేను కాదు. కూర్చుని తినండి."

ఆయన ఆ పళ్ళవంక చూసి, ఆవిడవంక చూసి, ఉత్తరీయం సర్దుకుని పీట మీద కూర్చున్నారు.

మిగిలింది జోగేశ్వరరావు గారు. నిలబడే ఉన్నారు. "మేము తనిఖీకి వచ్చాం, విందుకి కాదు. మీరు తినండి. మేం చూడాలి" అన్నారు.

ఎవరూ కదల్లేదు. ఆకులు మాత్రం ఎవరూ కప్పలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అందరూ ఆయనకేసే చూస్తున్నారు. ఆయన విసుక్కుని ఒక్కమాట అంటే చాలు, రేపు తాళం. సువార్తమ్మ బిడ్డని దగ్గరికి హత్తుకుంది.

"తింటామండి" అంది చిన్నమ్మాయి. "మాటిచ్చాం, తింటాం. కానీ వచ్చినోరు ముట్టందే పెట్టినోళ్ళం ముద్దెలా ఎత్తుతామండి? మీరొక్క పండు ఒలవండి. మేం మొదలెడతాం."

"నాకు ఆకలి లేదు."

"ఆకలి లేనోరు మా మేష్టారు కూడా ఒకరున్నారండి. పొలమారుద్ది అంతే, ఏం కాదు" అన్నాడు ముసలయ్య. వాణ్ణి చంపెయ్యాలనిపించింది.

మిస్సమ్మ గారు పీట మీంచే, "జోగేశ్వరరావు గారూ, ఆహారము చల్లారుచున్నది" అన్నారు. ఇక తప్పక ఆయన కూర్చున్నారు. పండు తీశారు. తొక్క ఒలిచారు. నోటి దాకా తీసుకెళ్ళి ఆపారు. ఇటు చూశారు, అటు చూశారు. ఎటు చూసినా కళ్ళే, అందరి కళ్ళూ ఆయన నోటి మీదే.

"మీరంతా ఇలా చూస్తూంటే ఎలా తినడమయ్యా!" అన్నారు.

అనేశారు. అని, అన్నది తన చెవిని పడేసరికి పండు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. మొదట వెంకటరత్నం గారి బొజ్జ కదిలింది. ఆయన నవ్వితే మామూలు నవ్వా, దూలాలు అదిరాయి! మిస్సమ్మ గారు కళ్ళు తుడుచుకున్నారు. అంత నవ్వులోనూ చిన్నమ్మాయి మటుకు నవ్వలేదు, ఇంటికొచ్చినవాణ్ణి చూసి నవ్వకూడదు కదా. తల వంచుకుని తన ఆకులో అన్నం కలుపుకోవడం మొదలుపెట్టింది. అది చూసి అందరూ తలలు వంచుకుని కలుపుకున్నారు. ఎవరూ ఎవరి నోట్లోకీ చూడకుండా అందరం ఒక్కసారే తిన్నాం. జోగేశ్వరరావు గారు పండు తిన్నారు.

"ఒంటి పండు పెట్టకూడదు బాబూ" అని ఇంకోటి పెట్టింది. అదీ తిన్నారు. మిస్సమ్మ గారు గోంగూర నోట్లో పెట్టుకుని కళ్ళనీళ్ళు కారుతుంటే మారు అడిగారు. షావుకారు గారు పళ్ళు తింటూనే, పక్కనున్న ముసలయ్యని పులస ధర అడిగారు. ఆయన చేపలు తినరు, ఊరికే బేరం అలవాటు.

చేతులు కడుక్కున్నాక సెక్రటరీ గారు గోడ దగ్గరికి వెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను. పై నుంచి కిందికి చదివారు.

"రాజరత్నం, వీటిల్లో ఒక్కటైనా మిగిలిందా?"

"గోడ మీద అన్నీ ఉన్నాయండి" అన్నాను. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. "తప్పు నాదే. తాళం వెయ్యమంటే వేస్తాను. వేసి నేనూ వీళ్ళతోపాటు గట్టు మీదికే పోతానండి, బడికి పోను."

ఆయన ఏదో అనబోయారు. వెనకనుంచి వెంకటరత్నం గారు, "తాళమేంటండి ప్లీడరు గారూ? వీళ్ళింట్లో ఇప్పుడే కదా తిన్నాం. తిన్నింటి వాసాలు లెక్కపెడతామా?" అన్నారు.

"నేను తిన్నది పండేనండి."

"రెండు. నేను చూళ్ళేదు గానీ, రెండు."

జోగేశ్వరరావు గారు మీసం సవరించుకున్నారు. నవ్వు దాచుకోవడానికేనని నాకు తోచింది. కాసేపు గోడవంకే చూసి, "ఆఖరి గుడిసె లేచేదాకా ఇల్లు ఉంటుంది. మిగతావి మీ ఇష్టం. చూడ్డానికి వచ్చే నియమం మటుకు చెరిపెయ్యండి. ఎవరొచ్చినా వేళ కాని వేళ రావాలి, లేదా తినడానికి రావాలి" అన్నారు. నేను అరచేత్తోనే చెరిపేశాను. చొక్కా అంతా సున్నమైంది. దీనమ్మ ఏమంటే అననీ!

బండి దగ్గరికి వెళ్ళబోతూ వెంకటరత్నం గారు ఆగారు. నా దగ్గరికి వస్తారనుకున్నాను, మేనేజరుని కదా. నన్ను దాటి చిన్నమ్మాయి దగ్గరికి వెళ్ళారు. ఎవరింట్లో తిన్నామో ఆ ఇంటి పెద్దని అడగాలి కదా. చేతులు జోడించి, "వెళ్ళొస్తామమ్మా. సెలవిప్పించండి" అన్నారు.

ఆవిడ తడబడలేదు. "వెళ్ళి రండి బాబూ. ఇల్లు చూసుకున్నారుగా, మళ్ళీ రావాలి" అని మిస్సమ్మ గారికి బొట్టు పెట్టించబోయి, ఆవిడ పెట్టుకోరని గుర్తొచ్చి, మిగిలిన పళ్ళు చేతిలో పెట్టింది. వాళ్ళ వెనకే గేటు దాకా నడిచింది. బండి కదిలి మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడింది. అంతదాకా నిలబడడం ఆనవాయితీ అట.

అప్పుడు కూలబడింది, గేటు దగ్గర మట్టిలోనే. నేను కంగారుపడి పరిగెత్తాను. ఆవిడ ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ ఒకేసారి.

"ఏమైందమ్మా?" అన్నాను.

"ఏం లేదు బాబూ. ఇల్లు కొట్టుకుపోయినాక, ఒకళ్ళకి పెట్టి సాగనంపడం మళ్ళీ ఇవాళేనండి" అంది.

నేనూ ఆవిడ పక్కనే మట్టిలో కూర్చున్నాను.